కొంచెం వేగం పెంచితే ఎక్కువ పక్కకు పోయే బుల్లెట్

తెనాలి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా అబ్బాయి కొలరాడోలో ఉద్యోగం. తెలిసిన పశుక్షేత్రం (రాంచ్) యజమాని ఒకాయన, పచ్చికలో బొరియలు తవ్వే ప్రైరీ డాగ్‌లు అనే ఉడుత జాతి జంతువులను కొట్టడానికి రమ్మన్నాడట. రైఫిల్ ఏది కొనాలి, తూటా ఏది? వేగం ఎక్కువున్నది తీసుకోమంటే సరిపోతుందా?"

ముందు చట్టం సంగతి చెప్పాలి. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకి కొనడం, చేతపట్టడం సాధారణంగా ఫెడరల్ నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు వస్తుంది. కాబట్టి రైఫిల్ కొట్టుకు వెళ్ళే ముందు లైసెన్సు చేతిలో ఉండాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. పైగా మన డెల్టా వరిపొలాల్లో పంట తినే ఎలుకలు, పందికొక్కులు రాత్రిపూట తిరిగేవి, పగలు బొరియలో ఉండేవి. వాటికి తుపాకి ఎందుకూ పనికిరాదు. బుట్టలు, ఎర, ఊరంతా ఒకేసారి చేసే నివారణ, ఇవే పనిచేస్తాయి.

ఇక ప్రశ్నలో నన్ను పట్టేసింది చివరి వాక్యం. వేగం ఎక్కువున్నది మంచిదా? ఒక శ్రేణి వేగాల్లో దీనికి సమాధానం 'కాదు'. ఎందుకు కాదో తెలిస్తే తూటా ఎంపిక సగం అయిపోయినట్టే.

విజయవాడ, గుంటూరు జూనియర్ కాలేజీల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు ప్రక్షేపకాల లెక్కలు వందల కొద్దీ చేస్తారు. లెక్క చివర "గాలి నిరోధాన్ని ఉపేక్షించండి" అని ఉంటుంది. మరి ఉపేక్షించేది ఎంత? .223 రెమింగ్టన్ తూటాలో 55 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 3.56 గ్రాములు, సెకనుకు 988 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. నూరు గజాలు పోయేసరికి 870కి పడిపోతుంది. ఆ నూరు గజాలకు పట్టేది సెకనులో పదో వంతు. లెక్క వేస్తే, దాన్ని వెనక్కి నెట్టే గాలి బలం దాని బరువుకు సుమారు 120 రెట్లు. గురుత్వాకర్షణ మీద పేజీలకు పేజీలు లెక్కలు చేయించి, దానికి 120 రెట్లున్న బలాన్ని ఒక్క మాటతో కొట్టేస్తున్నాం. సులువు కోసం మొదట వదిలేయడం తప్పు కాదు. వదిలేసినదాని పరిమాణం పిల్లలకు ఒక్కసారైనా చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఇప్పుడు పక్కగాలి. అమరావతి దగ్గర కృష్ణ దాటే పడవను తీసుకోండి. ముక్కు ఎదురొడ్డుకు సూటిగా పెట్టి నడిపితే, దాటడానికి ఎంతసేపు పడితే అంతసేపూ ప్రవాహం దాన్ని కిందికి తీసుకుపోతుంది. జరిగిన దూరం అంటే ప్రవాహ వేగాన్ని పట్టిన కాలంతో హెచ్చించడమే. బుల్లెట్ కూడా ఇంతేనని చాలామంది అనుకుంటారు. అలా లెక్కిస్తే, నూరు గజాలకు 0.268 సెకన్లు తీసుకునే వేగపు రకం .22 ఎల్‌ఆర్ (.22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా) బుల్లెట్, సెకనుకు 4.5 మీటర్ల పక్కగాలిలో 120 సెంటీమీటర్లు జరగాలి. నిజానికి జరిగేది 13 సెంటీమీటర్లు.

తేడా ఎక్కడుంది? పడవ మొదటినుంచీ నీటితోపాటు కదులుతోంది. బుల్లెట్ గొట్టం దాటే క్షణంలో గాలితో పక్కకు కదలడం లేదు, నేలను బట్టి చూస్తే దానికి పక్క కదలికే లేదు. గాలితో పాటే తేలిపోతున్న పరిశీలకుడు ఒకరున్నారనుకోండి. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తోంది. ఆయనకు గాలి నిశ్చలం. బుల్లెట్ మాత్రం ముందుకు వెళ్తూనే ఎడమకు కూడా సెకనుకు 4.5 మీటర్లు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నిశ్చలమైన గాలిలో నిరోధం బుల్లెట్ పోయే దిశకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అంచేత దాని వేగం తగ్గుతుంది గాని దిశ మారదు. ముందుకు వేగం ఎన్నో వంతు తగ్గితే ఎడమకు వేగమూ అన్నో వంతే తగ్గుతుంది. లక్ష్యం చేరేసరికి అది ఎడమకు పోయిన దూరం, గాలి వేగాన్ని శూన్యంలో పట్టే కాలంతో హెచ్చించినంత. ఈలోగా పరిశీలకుడు కుడికి పోయింది, గాలి వేగాన్ని అసలు పట్టిన కాలంతో హెచ్చించినంత. మొదటిది రెండోదాంట్లోంచి తీసేయండి. మిగిలేదే నేల మీద మనకు కనిపించే పక్కజరుగు.

అంటే పక్కజరుగును నిర్ణయించేది ప్రయాణకాలం కాదు. గాలి వల్ల కలిగిన ఆలస్యం. ఫ్రెంచి సైనిక గణితజ్ఞుడు ఇసిడోర్ డిడియాన్ పేరు మీద చలామణీ అయ్యే సూత్రం ఇదే. ఇంటర్ లెక్కలో ఉపేక్షించిన గాలి, ఆ లెక్క చెప్పిన కాలానికి ఎంత కాలం కలిపిందో, దాన్ని గాలి వేగంతో హెచ్చిస్తే చాలు.

ఇప్పుడు .22 ఎల్‌ఆర్ దగ్గరకు రండి. 1887 నుంచి ఉన్న తూటా, 40 గ్రెయిన్ల సీసపు బుల్లెట్. ఇందులో వేగపు రకం సెకనుకు 383 మీటర్లతో బయల్దేరి నూరు గజాల దగ్గర 310కి వస్తుంది. శూన్యంలోనైతే 0.239 సెకన్లు పట్టేది, గాలిలో 0.268 పడుతుంది. ఆలస్యం 0.029. మామూలు రకం 326 మీటర్లతోనే బయల్దేరుతుంది. దానికి దాదాపు 0.300 సెకన్లు పడుతుంది, అంటే నెమ్మదైనదే. కానీ శూన్యంలో దానికి 0.280 పట్టేది. ఆలస్యం 0.020 మాత్రమే. 4.5 మీటర్ల గాలిలో ఇది జరిగేది 9 సెంటీమీటర్లు. నెమ్మదిగా పోయే బుల్లెట్టే గాలికి తక్కువ జరిగింది!

దీనికి కారణం ధ్వని. 20 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. ఆ వేగం దగ్గరపడేకొద్దీ బుల్లెట్ ముందు గాలి తప్పుకునే వ్యవధి లేక ఒత్తిడి తరంగంగా పేరుకుంటుంది, నిరోధ గుణకం, అంటే గాలి ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే అంకె, ఒక్కసారిగా లేస్తుంది. ఎగిరే బుల్లెట్ ముందున్న ఆ తరంగాన్ని భౌతిక శాస్త్రవేత్తలు ఎర్న్‌స్ట్ మాఖ్, పీటర్ సాల్చర్ ఫోటో తీసి ప్రచురించింది కూడా 1887లోనే. వేగపు రకం .22 ధ్వనికి 1.12 రెట్ల దగ్గర మొదలై 0.9 దగ్గర ముగుస్తుంది. అంటే నూరు గజాలూ నిరోధం మరీ మండిపడే మేరలోనే గడుపుతుంది. మామూలు రకం ఆ మేర కింది అంచున మొదలై త్వరగా బయటపడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలెకు కంచు పతకం తెచ్చిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడేది .22 ఎల్‌ఆర్ తూటానే. పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఆ పోటీ తూటాలను ధ్వని వేగానికి కింద ఉంచడానికి ఇదొక ముఖ్య కారణం.

కాబట్టి వేగం పెంచితే కొద్దిగా కాదు, ధ్వనికి రెండు మూడు రెట్లకు పెంచాలి. అక్కడ నిరోధ గుణకం మళ్ళీ దిగుతుంది, మొత్తం కాలమూ బాగా తగ్గుతుంది. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎమ్‌ఆర్ బుల్లెట్ కేవలం 17 గ్రెయిన్లు, వేగం సెకనుకు 777 మీటర్లు. అదే గాలిలో నూరు గజాలకు 8 సెంటీమీటర్లే జరుగుతుంది. కానీ బరువు తక్కువ కనుక వేగాన్ని నిలుపుకోలేదు. 200 గజాలకు 39 సెంటీమీటర్లు! దూరం రెట్టింపైతే జరుగు దాదాపు అయిదు రెట్లు. .223 అదే 200 గజాల దగ్గర 11 నుంచి 12 సెంటీమీటర్లు, .22-250 రెమింగ్టన్ అనే ఇంకా వేగపు తూటా సుమారు 10. 300 గజాలకు .223 జరిగేది 28, .22-250 జరిగేది 23.

ప్రైరీ డాగ్ కిలో అటూ ఇటూ ఉండే జంతువు. బొరియ గట్టు మీద నిలబడితే ఛాతీ వెడల్పు రెండు మూడంగుళాలే. ఈ కొలతను పై అంకెల పక్కన పెట్టి చూడండి. 75 గజాల లోపు కొట్టేవాళ్ళకు మామూలు వేగపు .22 ఎల్‌ఆర్ చాలు. చవక, చప్పుడు తక్కువ. గాలి లేని ఉదయాల్లో 150 గజాల వరకు .17 హెచ్‌ఎమ్‌ఆర్. 250 వరకు, గాలి ఉన్నా, .223. కొలరాడో పచ్చిక మైదానంలో గాలి ఆగేది తక్కువ కాబట్టి ఆ అబ్బాయికి నేను చెప్పేది .223.

.22-250 ఇంకా మెరుగే కదా అంటారు. 200 గజాల దగ్గర ఆ మెరుగు రెండు సెంటీమీటర్లయినా లేదు. దానికి కట్టే మూల్యం పెద్దది. రెండింటి గొట్టం రంధ్రమూ ఒకటే. .223లో 25 గ్రెయిన్ల చుట్టుపక్కల మందు కాలితే, .22-250లో 35 దాటుతుంది. అదే సన్నని రంధ్రంలోంచి అంత ఎక్కువ వేడి వాయువు పోవడంతో, తూటా గదికి ముందు మరలు (బుల్లెట్‌ను గిర్రున తిప్పే గొట్టం లోపలి గాడులు) మొదలయ్యే చోట ఉక్కు పగుళ్ళిచ్చి అరిగిపోతుంది. ప్రైరీ డాగ్‌ల దగ్గర రోజుకు వందల తూటాలు పేలతాయి. గొట్టం చేత్తో పట్టుకోలేనంత కాలిందంటే ఆపి, బోల్టు (తూటా గదిని వెనకనుంచి మూసే కడ్డీ) తెరిచి చల్లారనివ్వాలి. 300 గజాలకు పైన కొట్టేవాళ్ళకు, నెమ్మదిగా కొట్టేవాళ్ళకు .22-250 సరైనది.

గొట్టం కొనేటప్పుడు ముందు చూడాల్సింది మరల తిప్పుడు. 1:12 అంటే 12 అంగుళాలకు ఒక చుట్టు. 1879లో బ్రిటిష్ గణితజ్ఞుడు ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేతి లెక్కకు పనికొస్తుంది: బుల్లెట్ వ్యాసం వర్గాన్ని 150తో హెచ్చించి పొడవుతో భాగించాలి, అన్నీ అంగుళాల్లో. పొడవైన బుల్లెట్‌కు బిగుతు తిప్పుడు కావాలన్నది సారాంశం. 77 గ్రెయిన్ల పొడవు బుల్లెట్‌ను 1:12లో పెడితే నిలకడ లేక అడ్డంగా తిరుగుతుంది, కాగితం మీద తాళంచెవి రంధ్రం లాంటి చీలిక కనిపిస్తుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. జంతువును తాకగానే ముక్కలయ్యేలా పల్చటి రాగి తొడుగుతో చేసిన తేలిక బుల్లెట్లను 1:8 గొట్టంలో .22-250 వేగంతో పంపితే నిమిషానికి మూడు లక్షల ముప్పై వేల చుట్లు తిరుగుతాయి. కొన్ని దారిలోనే విచ్చిపోతాయి. గాలిలో బూడిదరంగు గీత కనిపిస్తుంది, కాగితం మీద ఏమీ ఉండదు. 40 నుంచి 55 గ్రెయిన్ల బుల్లెట్లకు .223లో 1:12 గాని 1:9 గాని తీసుకోండి.

అలా ముక్కలయ్యే బుల్లెట్‌నే ఎందుకు వాడాలి? జంతువు క్షణంలో చావాలి, గాయంతో బొరియలోకి పాకకూడదు. రెండోది, గురి తప్పి గట్టి నేలను తాకినా పొడైపోవాలి. .22 ఎల్‌ఆర్ సీసపు బుల్లెట్ నెమ్మదైనది కాబట్టి ముక్కలవకుండా రాతి మీద నుంచి, నీటి మీద నుంచి ఎగిరి పోతుంది. చిన్నదే కదా అనుకునే ఆ తూటా మైలు దాటి ప్రమాదకరం. వెనక మట్టిగట్టు లేని దిక్కుకు దాన్ని పేల్చకూడదు. ఇంకొక జాగ్రత్త: గొట్టం మీద .223 అని మాత్రమే చెక్కి ఉంటే 5.56 సైనిక తూటా వేయవద్దు. .223 గదిలో మరలు బుల్లెట్‌కు దగ్గరగా మొదలవుతాయి, ఒత్తిడి హద్దు దాటవచ్చు.

రైఫిల్ విషయం క్లుప్తంగా చెబుతాను. బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగేది), 24 అంగుళాల బరువైన గొట్టం, ముందు రెండు కాళ్ళ ఊత. నూరు గజాలకు అంగుళంలో మూడు తూటాలు పడితే చాలు, 250 గజాలకు అది రెండున్నర అంగుళాలు అవుతుంది. స్కోపుకు, అంటే గురి చూసే దుర్భిణికి, పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) సర్దే చక్రం తప్పనిసరి. .22 కోసం చేసిన స్కోపులు చాలావరకు 50 గజాలకు బిగించి వస్తాయి, వాటిని 200 గజాలకు వాడితే కన్ను కదిలినప్పుడల్లా గురి కదులుతుంది.

గురి కుదర్చడం 25 గజాల దగ్గర మొదలుపెట్టాలి. తుపాకి ఖాళీ అని చూసుకుని, బోల్టు తీసి, గొట్టంలోంచి లక్ష్యాన్ని చూసి స్కోపు దానికి కలపండి. తర్వాత నూరు గజాలకు వెళ్ళి మూడేసి తూటాలు పేల్చి, వాటి మధ్యబిందువును బట్టి సర్దండి, ఒక్క తూటాను చూసి కాదు. క్లిక్కుకు కోణంలో పావు నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం) జరిగే స్కోపులో ఒక క్లిక్కు అక్కడ 7 మిల్లీమీటర్లు. .223 నూరు గజాలకు గురి కంటే మూడున్నర సెంటీమీటర్లు పైన పడేలా పెడితే 200 దగ్గర సరిగ్గా తాకుతుంది, 300 దగ్గర 18 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. .22 ఎల్‌ఆర్‌ను 50 గజాలకు కుదర్చాలి.

.22 ఎల్‌ఆర్ కొన్నవాళ్ళు ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గుంటూరు మే నెల 42 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకు 356 మీటర్లు. అక్కడ 326 మీటర్ల బుల్లెట్ ధ్వనికి 0.92 వంతు. సున్నా డిగ్రీల కొలరాడో ఉదయాన ధ్వని 331కి దిగుతుంది, మందు చల్లబడి బుల్లెట్ వేగం ఏమీ తగ్గలేదనుకుంటే ఆ నిష్పత్తి 0.985 అవుతుంది. వేసవిలో ప్రశాంతంగా పోయిన తూటానే చలికాలంలో నిరోధపు గోడ అంచుకు చేరి గాలికి ఎక్కువ జరుగుతుంది, కిందికీ ఎక్కువ దిగుతుంది. అక్టోబరు దాటాక అదే డబ్బా తూటాలతోనైనా గురి మళ్ళీ కుదుర్చుకుని వెళ్ళాలి.