స్కూల్ డిస్ట్రిక్ట్ మెసేజ్‌లు: మన పేరెంట్స్‌లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

నేను డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, పేరెంట్స్‌కి వెళ్ళే ఈమెయిల్స్, టెక్స్ట్‌లు, ఆటోమేటిక్ ఫోన్ కాల్స్ చూసే టీమ్‌లో పని చేస్తున్నా. పొద్దున్న మేం పంపిన మెసేజ్ సాయంత్రానికి మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి నా ఫోన్‌కే వస్తుంది, కానీ అప్పటికి తేదీ మారిపోయి ఉంటుంది, "కావాలంటే చేయొచ్చు" అన్నది "చేసి తీరాలి" అయిపోయి ఉంటుంది. ఒకళ్ళు ఆఫీస్ మీటింగ్‌లో కూర్చుని పై రెండు లైన్లు చదివి గ్రూప్‌లో పెడతారు, అది చూసినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్తారు, ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, కానీ ఇబ్బంది పడేది పిల్లలు. అందుకే నేను తరచుగా వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా. అన్నీ టెక్సస్ రూల్సే, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళు మీ స్టేట్‌లో ఎలా ఉందో చూసుకోండి.

అపోహ: ఫ్రిస్కోలో ఇల్లుంటే ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్), మెకిన్నీలో ఉంటే మెకిన్నీ ఐఎస్‌డీ.

వాస్తవం: ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, సిటీ కూడా కాదు. టెక్సస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి, దేని సరిహద్దులు దానివే, దేని బోర్డు దానిదే, దేని టాక్స్ దానిదే. ఫ్రిస్కో ఐఎస్‌డీ ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ సిటీల్లోకి కూడా వెళ్తుంది, అదే ఫ్రిస్కో సిటీలోని కొన్ని ఇళ్ళు ప్రాస్పర్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల్లో పడతాయి. పక్క డిస్ట్రిక్ట్ సెలవు మెసేజ్ చూసి మనకీ సెలవే అనుకుని పిల్లల్ని ఇంట్లో ఉంచేసినవాళ్ళు చాలామంది. ఏ ఫార్వర్డ్ వచ్చినా ముందు పైన ఏ డిస్ట్రిక్ట్ పేరుందో చూడండి. ఇల్లు కొనేటప్పుడైతే ఎవరి మాటా వద్దు, డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకోండి. అదీ శాశ్వతం కాదు, 2024లో పిల్లలు తగ్గిపోతున్నారని ప్లేనో ఐఎస్‌డీ బోర్డు నాలుగు స్కూళ్ళు మూసేయడానికి ఓటేసింది, ఆ ఇళ్ళ పిల్లలంతా వేరే స్కూళ్ళకి మారాల్సి వచ్చింది.

అపోహ: ఐస్ పడి స్కూల్ మూస్తే ఆ రోజుకి బదులు మే నెలలో తప్పకుండా స్కూల్ పెడతారు.

వాస్తవం: టెక్సస్‌లో లెక్క రోజుల్లో కాదు, నిమిషాల్లో. ఏడాదికి 75,600 నిమిషాలు. చాలా డిస్ట్రిక్టులు రోజుకి కొన్ని నిమిషాలు ఎక్కువ పెట్టుకుని ముందే దాచుకుంటాయి, అది చాలితే ఒకటి రెండు రోజులు పోయినా మళ్ళీ పెట్టరు. చాలకపోతే క్యాలెండర్‌లో ముందే రాసిపెట్టిన వెదర్ డే (మామూలుగా సెలవు, అవసరమైతే స్కూల్ పెట్టే రోజు) వాడతారు, కాబట్టి ఇండియా టికెట్లు బుక్ చేసేముందు ఆ రోజులు ఎక్కడున్నాయో చూసుకోండి.

అపోహ: "స్కూల్ సెక్యూర్‌లో ఉంది" అని మెసేజ్ వస్తే లోపల ఎవడో తుపాకీతో ఉన్నట్టే, వెంటనే వెళ్ళి పిల్లాణ్ణి తెచ్చుకోవాలి.

వాస్తవం: ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ మన వాళ్ళ ఇళ్ళల్లో గుండెలు ఆగిపోయినంత పనవుతుంది. ఇక్కడ చాలా స్కూళ్ళు ఒకే పదాల సెట్ వాడతాయి: హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఎవాక్యుయేట్, షెల్టర్. హోల్డ్ అంటే కారిడార్లు ఖాళీ చేసి అందరూ క్లాసులోనే ఉండటం, ఎవరో పిల్లకి ఫిట్స్ వచ్చి అంబులెన్స్ వచ్చినా హోల్డే పెడతారు. సెక్యూర్ అంటే ప్రమాదం బయట ఉంది, పక్క వీధిలో పోలీసులు ఎవరినో వెతుకుతున్నారు, బయట తలుపులు వేసేస్తారు, లోపల పాఠాలు మామూలుగా జరుగుతాయి. లాక్‌డౌన్ ఒక్కటే లోపల ప్రమాదం ఉన్నప్పుడు పెట్టేది, గది తలుపు లాక్ చేసి, లైట్లు ఆర్పి, కనబడకుండా కూర్చుంటారు. ఎవాక్యుయేట్ అంటే అందరూ బిల్డింగ్ ఖాళీ చేసి వేరే చోటికి వెళ్ళడం, షెల్టర్ ఎక్కువగా టోర్నడో వార్నింగ్‌కి. మెసేజ్‌లో ఈ ఐదింట్లో ఏ మాట ఉందో చూస్తే సగం భయం పోతుంది.

రెండోది, సెక్యూర్ ఉన్నప్పుడు స్కూల్‌కి వెళ్తే మీకు తలుపు తీయరు. తీయకూడదు. వంద కార్లు రోడ్డు మీద ఆగితే పోలీస్ కారుకి దారి ఉండదు. మెసేజ్ ఆలస్యంగా వచ్చిందని కోప్పడతారు, నాకు అర్థమవుతుంది, కానీ ప్రిన్సిపల్ ముందు పిల్లల్ని చూసుకోవాలి, తర్వాత పోలీసులు చెప్పింది నిజమో కాదో మేం కనుక్కోవాలి, ఆ తర్వాతే పంపగలం. ఈలోగా పిల్లలు ఫోన్‌లో ఏదో రాస్తారు, అది గ్రూపులకెక్కుతుంది.

పోయినేడాది ఒక రోజు ఇలాగే సెక్యూర్ పెట్టారు. రోజూ మనవణ్ణి తీసుకెళ్ళడానికి నడిచొచ్చే ఒక తాతగారు ముందే వచ్చేసి వేసి ఉన్న తలుపు దగ్గర నిలబడిపోయారు. ఫోన్‌కి వచ్చిన కాల్ ఇంగ్లీష్‌లో, స్పానిష్‌లో, ఆయనకి అర్థమైంది "పోలీస్" అన్న ఒక్క మాటే. ఫ్రంట్ ఆఫీస్ వాళ్ళు స్పీకర్లో ఎంత చెప్పినా ఆయన కదలట్లేదని నాకు ఫోన్ చేశారు, నేను ఆయన నంబర్‌కి కాల్ చేసి తెలుగులో మాట్లాడితే "అమ్మా, మావాడు లోపలే ఉన్నాడమ్మా" అని ఏడ్చేశారు. వాడు లోపల హాయిగా లెక్కలు చేసుకుంటున్నాడు. ఆ గొంతు నేను మర్చిపోలేను, ఈ పోస్ట్ రాయడానికి కారణం కూడా అదే.

అపోహ: ఆబ్సెన్స్ లెటర్ వచ్చిందంటే కోర్టు కేసే, గ్రీన్ కార్డ్ పోయినట్టే.

వాస్తవం: నాలుగు వారాల్లో మూడు రోజులు సరైన కారణం చెప్పకుండా మానేస్తే, ఆ మూడూ పూర్తి రోజులు కాకపోయినా సరే, డిస్ట్రిక్ట్ లెటర్ పంపాలి, అది చట్టం. అది పంపడం మా పని, అది వచ్చినంత మాత్రాన కేసు కాదు. ఆరు నెలల్లో పదిసార్లు అలా జరిగితే అప్పుడు ట్రూయెన్సీ కోర్టు (కారణం లేకుండా స్కూల్ మానేసే కేసులు చూసే కోర్టు) మాట వస్తుంది, దానికి ముందు స్కూల్ మీతో కూర్చుని మాట్లాడుతుంది. ఆ లెటర్ వస్తే చేయాల్సిన పని ఒక్కటే, స్కూల్ అటెండెన్స్ ఆఫీస్‌కి ఫోన్ చేసి ఏ రోజులు, కారణం పంపామా లేదా అని అడగడం. సగం సార్లు డాక్టర్ నోట్ పిల్లాడి బ్యాగ్‌లోనే ఉండిపోయి ఉంటుంది.

ఇంక అడ్మిషన్‌కి వీసా స్టేటస్ అడగరు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో కేసులో, కాగితాలు లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ చదువు నిరాకరించకూడదని చెప్పింది, ఆ కేసు పుట్టింది ఇక్కడే, టెక్సస్‌లోని టైలర్‌లో. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ఫర్వాలేదు, డిస్ట్రిక్ట్ వేరే నంబర్ ఇస్తుంది.

దీంట్లోనే ఇంకో మాట. డాక్టర్ నోట్ ఇస్తే ఎన్ని రోజులైనా మానొచ్చు అనుకుంటారు, అలా కాదు, క్రెడిట్ (ఆ క్లాస్ పూర్తి చేసినట్టు లెక్క) రావాలంటే క్లాస్ జరిగిన రోజుల్లో 90 శాతం ఉండాలి, 170 రోజులుంటే 17 దాటకూడదు, కారణం చెప్పి మానినవీ ఆ లెక్కలోకి వస్తాయి, దాటితే కమిటీ ముందుకి వెళ్తుంది. కానీ పండగ వేరు. దీపావళి లాంటి మతపరమైన పండగకి ముందే నోట్ రాసిస్తే, వదిలేసిన హోంవర్క్ చేసేస్తే, వచ్చినట్టే లెక్క. పొద్దున్న డాక్టర్ దగ్గరికి వెళ్ళి అదే రోజు స్కూల్‌కి వచ్చినా వచ్చినట్టే. ఈ రెండూ మన వాళ్ళు దాదాపు ఎవరూ వాడుకోరు, ఒంట్లో బాలేదని రాసేస్తారు. ఇండియాలో పెళ్ళికి మూడు వారాలు వెళ్ళడం మాత్రం ఇందులో రాదు.

అపోహ: మనం సిటిజన్స్ కాదు కాబట్టి బోర్డు మీటింగ్‌లో మాట్లాడే హక్కు లేదు, మాట్లాడినా వాళ్ళు పట్టించుకోరు.

వాస్తవం: ఓటు వేయడానికి సిటిజన్ అవ్వాలి, మాట్లాడటానికి అక్కర్లేదు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడాలనుకున్న ఎవరికైనా, బోర్డు దాన్ని చర్చించే ముందో, చర్చించేటప్పుడో అవకాశం ఇవ్వాలి. ముందు పేరు రాయించుకోవాలి, అంతే. అజెండా మీటింగ్‌కి కనీసం మూడు వర్కింగ్ డేస్ ముందు పెట్టాలి, 2025 సెప్టెంబర్ వరకు ఇది 72 గంటలుగా ఉండేది.

ట్రస్టీలు, అంటే బోర్డు మెంబర్లు, మొహం కూడా కదపకుండా కూర్చుంటారు, అది అవమానం అనుకుని మళ్ళీ రానివాళ్ళని చూశా. అజెండాలో లేని విషయం ఎవరైనా ఎత్తితే, ఉన్న పాలసీ ఏంటో చెప్పడం, నిజమైన సమాచారం ఇవ్వడం, ఇంకో మీటింగ్‌లో పెడదాం అనడం, ఇంతకు మించి చర్చించడానికి చట్టమే ఒప్పుకోదు. వాళ్ళు జీతం లేకుండా పని చేసేవాళ్ళు, ఎన్నికై వచ్చినవాళ్ళు, మీరు చెప్పింది నోట్ చేసుకుంటారు. డిస్ట్రిక్ట్‌ని నడిపే సూపరింటెండెంట్ మాత్రం ఎన్నికైనవారు కాదు, బోర్డు పెట్టుకున్న ఉద్యోగి.

అపోహ: బాండ్ పాస్ అయితే టీచర్లకి జీతాలు పెరుగుతాయి, లేదా ఆ డబ్బంతా ఆస్టిన్‌కి, అంటే స్టేట్ గవర్నమెంట్‌కి, పోతుంది.

వాస్తవం: రెండూ కాదు. బాండ్ అంటే ఓటర్లు ఒప్పుకుంటే డిస్ట్రిక్ట్ తీసుకునే అప్పు. ఆ డబ్బు బిల్డింగులకి, స్థలాలకి, బస్సులకి, కంప్యూటర్ల లాంటి వాటికే, జీతానికి ఒక్క డాలర్ కూడా వాడకూడదు. జీతాలు వేరే టాక్స్ నుంచి వస్తాయి, 1993 నుంచి రాబిన్ హుడ్ అని మనం అనే పద్ధతిలో (ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి తీసుకుని మిగతావాటికి సర్దడం) స్టేట్‌కి పోయేది కూడా ఆ టాక్స్ లోంచే. బ్యాలెట్ మీద పెద్ద అక్షరాల్లో "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అన్న అర్థం వచ్చే లైన్ చూసి భయపడతారు, 2019 చట్టం వల్ల రేటు పెరగకపోయినా ఆ లైన్ ప్రింట్ చేయాల్సిందే. అలాగని ఖర్చు లేదని కాదు, పాత అప్పులు తీరిపోయినప్పుడు తగ్గాల్సిన రేటు కొత్త బాండ్ వల్ల తగ్గకపోవచ్చు. ఎటు ఓటేయాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా, బ్యాలెట్ మీద ఉండే ప్రపోజిషన్లు (ఒక్కో ప్రతిపాదన) విడివిడిగా చదవండి, ఒకటి నచ్చి ఒకటి నచ్చకపోతే అలాగే వేయొచ్చు.

అపోహ: హోమ్ లాంగ్వేజ్ సర్వేలో (ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే ఫారం) తెలుగు అని రాస్తే పిల్లల్ని ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీష్ సరిగ్గా రాని పిల్లలకి నేర్పే ప్రోగ్రామ్) పడేస్తారు, అందుకని ఇంగ్లీష్ అని రాయండి.

వాస్తవం: ప్రతి ఆగస్టులో ఈ సలహా గ్రూపుల్లో చూస్తా, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. తెలుగు అని రాస్తే జరిగేది ఒక టెస్ట్. చిన్న క్లాసుల్లో వినడం, మాట్లాడటం వరకే, రెండో క్లాస్ నుంచి చదవడం, రాయడం కూడా. పిల్లకి ఇంగ్లీష్ బాగా వస్తే పాసవుతుంది, అక్కడితో అయిపోతుంది. రాకపోతే సాయం ఇస్తామని అడుగుతారు, మీరు వద్దని రాసిస్తే ప్రోగ్రామ్‌లో ఉంచరు, ఏటా స్ప్రింగ్‌లో ఒక ఇంగ్లీష్ పరీక్ష మాత్రం రాయాల్సి ఉంటుంది. ఇంట్లో నాయనమ్మతో తెలుగే మాట్లాడుతూ ఫారంలో ఇంగ్లీష్ అని రాసి, నిజంగా సాయం కావాల్సిన పిల్ల టీచర్ మాట సగం అర్థంకాక క్లాసులో మూల కూర్చోవడం నేను చూశాను. ఈ ఫారం మొదటిసారి చేరినప్పుడు నింపేది, పిల్ల ఫైల్‌తో పాటే తిరుగుతుంది. తప్పు రాశామనిపిస్తే చేరిన రెండు వారాల్లో, అదీ టెస్ట్ కాకముందే, మార్చమని అడగాలి.

మెసేజ్‌లు ఏ భాషలో కావాలి అన్న ప్రశ్న వేరు, చాలా డిస్ట్రిక్టుల రిజిస్ట్రేషన్‌లో అది ఇంకో పేజీలో ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మేం ఏ భాషలో ఏం పంపాలో తేల్చుకునేది ఈ లెక్కలు చూసే. స్పానిష్ వాళ్ళు స్పానిష్ అని రాస్తారు కాబట్టి కాల్ స్పానిష్‌లో వెళ్తుంది. మన వాళ్ళు ఇంతమంది ఉండి కూడా కాగితం మీద లేం. స్పెషల్ ఎడ్యుకేషన్ మీటింగ్ అయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా అడగడం మీ హక్కు, పిల్లాడితోనో పక్కింటివాళ్ళతోనో చెప్పించుకోవాల్సిన అవసరం లేదు.

ఆ తాతగారి విషయం. ఆ రోజు సాయంత్రం ఆ ఇంటి భాష ఏముందో చూశా, రెండు పేజీల్లోనూ ఇంగ్లీష్ అని ఉంది. వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి చెప్తే, ఆఫీసు నుంచే పోర్టల్ తెరిచి మెసేజ్‌ల భాష తెలుగు పెట్టి నాన్న నంబర్‌ని టెక్స్ట్‌లకి కూడా ఎక్కించింది. ఈ ఫిబ్రవరిలో ఐస్ వల్ల రెండు గంటలు లేటుగా స్కూల్ తెరుస్తామని పంపినప్పుడు ఆయన ఫోన్‌కి టెక్స్ట్ తెలుగులో వెళ్ళింది. మిషన్ అనువాదం, ఒక మాట అటూ ఇటూగా ఉంది, కానీ ఆయన ఆ పొద్దున్న సరైన టైమ్‌కే మనవణ్ణి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు.