సీసాకు గీతలుంటాయి, అమ్మకు ఉండవు

పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు పాత పెట్టె అడుగున మీకొక నోటుపుస్తకం దొరికింది కదా. "అమ్మమ్మా, ఇదేమన్నా రైళ్ల టైమ్‌టేబులా?" అని పెద్దాడు ఒకటే నవ్వు. పేజీల నిండా గంటలు, నిమిషాలు, పక్కన "కుడి", "ఎడమ". అది మీ అమ్మ పుట్టినప్పుడు నేను పాలిచ్చిన లెక్క. మీ మామయ్యది వెనక కొన్ని పేజీలే ఉంది. చిన్నది ఆ చివరి పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ టైమ్ ఎందుకు వేయలేదు?" అంది. ఆ వెంటనే ఇంకోటి అడిగింది. "అమ్మకేమో డబ్బా పాలు పట్టావట, మామయ్యకేమో నీ పాలే ఇచ్చావట. అమ్మంటే తక్కువ ఇష్టమా?" నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వులో చిన్న ముల్లు ఉంది. అప్పుడు ఏదో చెప్పి దాటేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. పాలివ్వడం అనగానే ముఖం పక్కకు తిప్పుకోకండి. ఇది మీకూ పనికొచ్చే సంగతే, ముఖ్యంగా పెద్దాడికి.

ముందు నా గురించి. తలుపు గడియ పెట్టానా లేదా అని రాత్రి రెండుసార్లు లేచి చూసే మనిషిని. ఏదైనా లెక్క ప్రకారం జరగకపోతే నాకు కుదురుండదు. నలుగురిలో కూర్చోవడమంటే ఇబ్బంది. నా తోడికోడలు, అదే మీ చిన్నమ్మమ్మ, పూర్తిగా ఇంకో రకం. గదిలో పదిమంది ఉంటే పదిమందితోనూ మాట్లాడుతుంది. పని మిగిలిపోతే "రేపు చూద్దాంలే" అంటుంది. మా ఇద్దరికీ ఆర్నెల్ల తేడాలో కాన్పులయ్యాయి. ఆసుపత్రిలో నర్సు ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: నాలుగు గంటలకోసారి పాలివ్వండి, మధ్యలో ఏడ్చినా ఎత్తుకోకండి, అలవాటవుతుంది. నాకది వేదవాక్కు అయింది. చిన్నమ్మమ్మ గడియారం వైపు కూడా చూడలేదు.

ఆ నర్సు సొంతంగా పుట్టించిన మాటేమీ కాదది. న్యూజిలాండ్‌లో ఫ్రెడరిక్ ట్రూబీ కింగ్ అని ఒక వైద్యుడు ఉండేవాడు. పసిపిల్లల సంరక్షణ కోసం 1907లో ప్లంకెట్ సొసైటీని స్థాపించినవాడు. నాలుగు గంటలకోసారి పాలు, రాత్రి పూట అసలు వద్దు అనేది ఆయన బోధించిన పద్ధతి. అది చాలా దేశాలకు పాకి, దశాబ్దాల పాటు నిలిచింది. ఇప్పుడెవరూ అలా చెప్పరు. నవజాత శిశువు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే అంటారు, ఆకలి సూచన కనపడగానే ఇవ్వమంటారు. నాకు తెలియాల్సినప్పుడు ఆ సంగతి తెలియలేదు. ఒకే సలహా ఇద్దరి చెవిన పడితే, ఒకరు పట్టుకున్నారు, ఇంకొకరు వదిలేశారు. మేము కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు కావవి. స్వభావాలు అలా లాక్కుపోయాయి.

పాలు ఎలా తయారవుతాయో కొంచెం చెప్పాలి, లేకపోతే అసలు విషయం అర్థం కాదు. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి ఒంట్లో రెండు హార్మోన్లు పని చేస్తాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి నెడుతుంది. ఈ రెండో పనికి మన భాషలో చక్కని మాట ఉంది, చేపు. బిడ్డ ఏడుపు వినగానే, కొందరికి బిడ్డను తలచుకోగానే కూడా, పాలు చేపుకొస్తాయి. అయితే నొప్పిగా ఉన్నా, భయంగా ఉన్నా, ఎవరో చూస్తున్నారన్న టెన్షన్ ఉన్నా చేపు ఆలస్యమవుతుంది. పాలు లేక కాదు, ఉన్నవి దిగక. తలుపేసుకుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్న నాకు అదే జరిగి ఉంటుంది.

ఇంకొకటి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంతగా మళ్ళీ తయారు చేస్తుంది. నిండుగా ఉండిపోతే తయారీ తగ్గించేస్తుంది. నేను నాలుగేసి గంటలు ఆపుతున్నాను కాబట్టి ఒళ్లు "ఇంత అక్కర్లేదు కాబోలు" అనుకుంది. మీ అమ్మ ఆకలికి గుక్కపట్టి ఏడ్చేది. నేను "పాలు చాలడం లేదు" అనుకుని ఒక సీసా పట్టేదాన్ని. సీసా తాగాక తనకు నా దగ్గర ఆకలి ఉండేది కాదు, నాకు ఇంకా తగ్గేవి. నా భయమే నిజమైంది. ప్రపంచంలో ఎక్కడి తల్లులను అడిగినా, ఎందుకు మానేశారంటే చాలామంది చెప్పేది ఇదే, "పాలు చాలలేదు" అని. నిజంగా చాలని వాళ్లూ ఉంటారు, వాళ్లను తప్పుపట్టకూడదు. చాలుతున్నా నమ్మకం కుదరని వాళ్లు అంతకంటే ఎక్కువ.

నమ్మకం ఎందుకు కుదరదంటే, సీసాకు గీతలుంటాయి, అమ్మకు ఉండవు. నాలాంటి లెక్కల మనిషికి అంతకు మించిన నరకం లేదు. ఎంత తాగిందో కనపడదు. కనపడేవి వేరే ఉన్నాయి, ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పి ఉంటే వాటినే నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ గుడ్డలు బాగా తడిపితే చాలుతున్నట్టే. పుట్టిన మొదటి రోజుల్లో కొద్దిగా బరువు తగ్గడం మామూలు, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ఇంతే. ఎన్ని నిమిషాలు తాగిందన్నది ఏమీ చెప్పదు.

స్వభావానికీ పాలకూ సంబంధం ఉందా అని వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయంలో ఏమీ బ్రౌన్ అనే పరిశోధకురాలు 602 మంది తల్లులను అడిగారు. ఫలితాలు 2014లో వచ్చాయి. నలుగురిలో కలిసిపోయేవాళ్లు, ఆందోళన తక్కువగా ఉండేవాళ్లు ఎక్కువ కాలం తమ పాలు ఇచ్చారు. బిడియస్థులకు పదిమందిలో ఇవ్వడం ఇబ్బంది అనిపించింది, పక్కవాళ్లు డబ్బా పాలు పట్టమంటే కాదనలేకపోయారు. ఆందోళన ఎక్కువున్నవాళ్లకు తమకు కావలసిన సాయం అందలేదనిపించింది. చదువుతుంటే నన్ను చూసి రాసినట్టే ఉంది. అయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది వాళ్లను అడిగి తెలుసుకున్న సంగతి. పాలు సరిగ్గా పడక ఆందోళన పెరిగిందా, ఆందోళన వల్ల పడలేదా అన్నది ఇలాంటి ప్రశ్నలతో పూర్తిగా తేలదు. నా విషయంలోనే నాకు తేలలేదు.

డబ్బా పాలకు మారాక ఏమైందో చెబితే నవ్వుతారు. నేను ఒక్కసారిగా మంచి తల్లినైపోయాను! కొలతలు, మరిగించడం, శుభ్రం చేయడం, అన్నీ నాకు నచ్చే పనులు. ఆ పొడిలో సూక్ష్మజీవులు బొత్తిగా ఉండవనుకోకూడదు, అందుకే 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చెంచా ఎక్కువైనా, నీళ్లు ఎక్కువైనా బిడ్డకు ప్రమాదమే. అలాంటి చోట నా చాదస్తం అక్కరకొచ్చింది. చిన్నమ్మమ్మ చేతికి సీసా ఇచ్చి ఉంటే నాకు భయమే. టీకా తేదీ మరిచిపోయి మూడు వారాలు ఆలస్యంగా వేయించిన మనిషి ఆవిడ. మంచి స్వభావం, చెడ్డ స్వభావం అని విడదీయడానికి లేదు. ఒక పనిలో వరమైనది ఇంకో పనిలో అడ్డమవుతుంది.

కానీ సీసా గీతలు నాకు ఇంకో జబ్బు అంటించాయి. ఆఖరి గీత వరకూ తాగించాలి. మీ అమ్మ తల తిప్పుకుంటే, పెదాలు బిగిస్తే, "ఇంకొక్క గుక్క" అనేదాన్ని. కడుపు నిండిందని బిడ్డ చెబుతుంటే సీసా మాట విన్నాను. తర్వాత గిన్నె మాట, ఆ తర్వాత మార్కుల కాగితం మాట. చూశారా, అక్కడ మొదలైన అలవాటు ఎంత దూరం వచ్చిందో. మీ అమ్మ హోంవర్కు పక్కన కూడా నేను గడియారం పెట్టేదాన్నట, తను ఇప్పటికీ దెప్పుతుంది. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దీనికి ఒక పంపకం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. మరీ పసివాళ్లకైతే ఎప్పుడన్నది కూడా బిడ్డే చెబుతుంది. నాలాంటివాళ్లు బిడ్డ వాటా కూడా లాక్కుంటారు. మరీ తేలిగ్గా తీసుకునేవాళ్లు తమ వాటా కూడా బిడ్డకు వదిలేస్తారు.

"అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు మనవాళ్లు. పసివాళ్ల దగ్గర ఈ సామెత సగమే నిజం. వాళ్లు అడుగుతారు, కానీ ఏడుపు చివర్లో వస్తుంది. ముందు తల అటూ ఇటూ తిప్పి వెతుకుతారు, నోరు తెరుస్తారు, పిడికిలి నోట్లో పెట్టుకుంటారు. ఏడ్చేదాకా ఆగితే సరిగ్గా నోటపట్టలేరు కూడా. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి ఇవన్నీ నా కళ్లముందే జరిగినా కనపడలేదు. చిన్నమ్మమ్మకు కనపడేవి. ఆవిడ తెలివి ఎక్కువై కాదు, చూపు బిడ్డ మీద ఉండేది.

ఇక మామయ్య సంగతి. చాలా ఏళ్లు నేను గొప్పగా చెప్పుకున్నాను, రెండో కాన్పుకు నేను మారిపోయాను, అందుకే వాడికి నా పాలే ఇవ్వగలిగాను అని. పూర్తి నిజం అది కాదు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో ఒక పని మొదలుపెట్టారు. 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. పిల్లలు పుట్టుకతోనే తలో తీరుగా ఉంటారని తేల్చారు. దాదాపు 40 శాతం మంది తేలిగ్గా సర్దుకుపోయేవాళ్లు, 10 శాతం మంది కష్టపెట్టేవాళ్లు, 15 శాతం మంది నెమ్మదిగా అలవాటు పడేవాళ్లు, మిగతావాళ్లు ఏ గూటిలోనూ ఇమడలేదు. వాళ్లు గమనించిన వాటిలో ఒకటి, ఆకలి నిద్రలు ఎంత క్రమంగా వస్తాయన్నది. మీ మామయ్య ఆకలి గడియారం లాంటిది. మీ అమ్మ ఆకలికి వేళాపాళా లేదు. నా స్వభావానికి మామయ్యతో పొంతన కుదిరింది, అమ్మతో కుదరలేదు. చిన్నమ్మమ్మకు మీ అమ్మ పుట్టి ఉంటే ఇద్దరూ హాయిగా ఉండేవాళ్లేమో. థామస్, చెస్ చెప్పిందీ ఈ పొంతన గురించే. తల్లి ఒక్కతే కాదు, బిడ్డ ఒక్కతే కాదు, ఆ జత ఎలా కుదిరిందన్నది.

రెండోసారి నాకు తోడు కూడా దొరికింది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, రోజూ వచ్చి కూర్చునేది. సలహాలేమీ ఇచ్చేది కాదు. బిడ్డ సరిగ్గా పట్టుకున్నాడో లేదో చూసి "బాగానే తాగుతున్నాడు" అనేది. ఆ రెండు ముక్కల కోసం నేను పొద్దున్నుంచి ఎదురు చూసేదాన్ని. అది నా ఒక్కదాని అనుభవమే అనుకున్నాను గానీ, బెలారస్‌లో 1996, 97 సంవత్సరాల్లో 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కొన్ని ఆసుపత్రుల్లో సిబ్బందికి బాగా శిక్షణ ఇచ్చి, తల్లులకు అండగా నిలబడేలా చేశారు. మిగతాచోట్ల మామూలుగా వదిలేశారు. మూడు నెలలకు కేవలం తల్లిపాలే తాగుతున్న పిల్లలు అండ ఉన్నచోట 43 శాతం, లేనిచోట 6 శాతం. రెండు వైపులా నాలాంటి భయస్థులు, చిన్నమ్మమ్మ లాంటి మాటకారులు ఉండే ఉంటారు కదా. స్వభావాలు ఎవరూ మార్చలేదు. పక్కన నిలబడ్డారు, అంతే. పెంపకానికీ స్వభావానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా అది ఉందనే అన్నారు, కాకపోతే చిన్నదని.

పెద్దాడికి పనికొస్తుందన్నది ఇందుకే. రేపు నువ్వు నాన్నవైతే పాలివ్వలేవు. పక్కన కూర్చోగలవు, రాత్రి లేచి బిడ్డను అందించగలవు. ఇంటికి వచ్చినవాళ్లు "పాలు చాలుతున్నాయా?" అని పదేపదే అడుగుతుంటే వాళ్లను హాల్లోనే ఆపగలవు. ఆఖరిది చిన్న పనిలా కనపడుతుంది గానీ, బిడియస్థురాలైన తల్లికి అంతకు మించిన సాయం లేదు. ఇంకోటి, కాన్పయ్యాక వారాల తరబడి దిగులుగా ఉన్నా, బిడ్డ మీద మనసు పోకపోయినా "ఆమె తీరే అంత" అని వదిలేయొద్దు. కాన్పయినవాళ్లలో సుమారు 13 శాతం మందికి మానసిక అనారోగ్యం, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది స్వభావం కాదు, వైద్యం ఉన్న జబ్బు.

చిన్నదానా, నీ ప్రశ్నకు వస్తాను. ఆరు నెలల దాకా తల్లిపాలే మేలని వైద్యులు చెప్పేది నిజమే, నేనూ అదే చెబుతాను. కానీ మీ అమ్మకు నేను సీసా పట్టింది ఇష్టం తక్కువై కాదు. ఆ పుస్తకం మళ్ళీ తిరగెయ్యి, రాత్రి రెండింటికి, మూడింటికి, మూడున్నరకు రాసిన గీతలు చూడు. సీసా పట్టిన రాత్రులవి కూడా ఉన్నాయి అందులో. నాకు ప్రేమ వస్తే లెక్కలు రాస్తాను, ఏం చేయను. మీ చిన్నమ్మమ్మ అయితే పాట పాడేది, తప్పుల తడకగా.

ఆ చివరి పేజీ మామయ్యది. అప్పటికి వాడికి పదహారు రోజులు. "లేచాడు. తాగాడు." అని మాత్రమే రాశాను. టైమ్ ఎందుకు వేయలేదన్నావుగా. చూడలేదే తల్లీ, వాడి పిడికిలి నోట్లోకి వెళుతుంటే అటే చూస్తున్నాను.

మీ
అమ్మమ్మ