హైవే బోర్డులపై వాతావరణ హెచ్చరికలు: అపోహలు – వాస్తవాలు

కంట్రోల్ రూమ్‌లో కూర్చుని హైవే ఎలక్ట్రానిక్ బోర్డుల మీద వాతావరణ హెచ్చరికలు పెట్టడం నా పని. ఈ బోర్డుల గురించి చాలామంది అనుకునేవాటిలో కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి ఉన్నాయి.

అపోహ: వివరాలు ఎంత ఎక్కువ రాస్తే అంత మేలు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. 240 మీటర్ల దూరం నుంచి అక్షరాలు కనిపించినా చదవడానికి దొరికేది ఎనిమిది, తొమ్మిది సెకన్లే. అదీ పగలు, వాతావరణం తేటగా ఉన్నప్పుడు. జోరువానలో అంత సమయం ఎక్కడిది? ఆ కాస్తలోనే ముందు బండినీ అద్దాలనూ చూసుకోవాలి. అందుకే అమెరికా నిబంధనల్లో ఒక సందేశానికి ఒకదాని తర్వాత ఒకటిగా మారే రెండు తెరలు, తెరకు మూడు లైన్లు మించకూడదని పెట్టారు. వాటిలోనే ఏం జరుగుతోంది, ఎక్కడ, ఏం చేయాలి అన్నవి పట్టాలి. "భారీ వర్ష సూచన, జాగ్రత్త" అంటే డ్రైవర్‌కి కొత్తగా తెలిసేదేమీ లేదు. "5 కి.మీ. ముందు రోడ్డు మీద నీళ్లు, తర్వాతి ఎగ్జిట్‌లో దిగండి" అంటే ఇండికేటర్ వేస్తాడు.

అపోహ: బోర్డు ఖాళీగా ఉండటం దండగ, ఏదో ఒక జాగ్రత్త రాసి ఉంచొచ్చు కదా!

దీంతో నాకు అస్సలు పొసగదు. రోజూ ఒకే మాట వెలుగుతుంటే జనం చూడటం మానేస్తారు, తుపాను రోజున కూడా చూడరు. పైగా చదివించే ప్రతి మాటా దృష్టిని రోడ్డు మీంచి లాగుతుంది. టెక్సస్‌లో రోడ్డు ప్రమాద మరణాల సంఖ్యను బోర్డులపై చూపించినప్పుడు ఆ తర్వాతి 10 కిలోమీటర్లలో ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయని 2022లో సైన్స్ పత్రికలో అధ్యయనం వచ్చింది.

అపోహ: బోర్డు ఏమీ చెప్పలేదంటే ముందు దారి బాగున్నట్టే.

మాకు సమాచారమిచ్చే సెన్సార్ తానున్న చోటి వాతావరణాన్నే కొలుస్తుంది. పొగమంచేమో ఒక్క నది ఒడ్డునే గడ్డకట్టినట్టు నిలబడొచ్చు. 1990 డిసెంబర్ 11న టెనెసీలోని ఐ-75 హైవే మీద పొగమంచులో 99 బండ్లు గుద్దుకుని 12 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ చూపుమేరను కొలిచే సెన్సార్లు, దాన్నిబట్టి మారే వేగపరిమితి బోర్డులు, రోడ్డెక్కకుండా ఆపే గేట్లు పెట్టారు. ఇలాంటి ఏర్పాటు లేని రోడ్లే ఎక్కువ. అక్కడ మీ కంటికి కనిపించినంత దూరంలో బండి ఆగాలి, వేగం అంతకు మించకూడదు.

ఇక ఫోన్‌కి అలర్ట్ వస్తుంది కదా, బోర్డులెందుకనే వాళ్లకు: ఆ అలర్ట్‌లు పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ చాలా మంచి ఏర్పాటు. టవర్ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది, ఎస్ఎంఎస్‌లా రద్దీలో ఇరుక్కోదు. కానీ అది ప్రాంతం మొత్తానికి చెప్పే మాట. ఏ కల్వర్టు మునిగిందో దాని ముందున్న బోర్డే చెప్పగలదు. డ్రైవింగ్‌లో ఫోన్ తీయకూడదు కూడా.

అపోహ: టోర్నడో (భీకరమైన సుడిగాలి) హెచ్చరిక వెలిగితే ఫ్లైఓవర్ కింద ఆగితే చాలు.

1999 మే 3న ఓక్లహోమాలో అలా వంతెనల కింద తలదాచుకున్న ముగ్గురు చనిపోయారు. వంతెన కింది ఇరుకులో గాలి వేగం పెరగొచ్చు, రేకులూ కర్రలూ నేరుగా వచ్చి తగులుతాయి. అక్కడ ఆగిన బండ్లతో వెనకవాళ్లకూ దారి మూసుకుపోతుంది. దగ్గర్లోని ఎగ్జిట్‌లో దిగి గట్టి భవనంలోకి వెళ్లండి.

అపోహ: ముందు లారీ దాటింది, నా కారూ దాటుతుంది.

30 సెంటీమీటర్ల లోతు ప్రవాహం చిన్న కార్లలో చాలావాటిని లాక్కెళ్లగలదు, 60 సెంటీమీటర్లయితే పెద్ద ఎస్‌యూవీలూ నిలవవు. నీళ్ల కింద రోడ్డే కోసుకుపోయి ఉండొచ్చు, రాత్రిపూట అది అసలు తెలియదు. వెనక్కి మళ్లమని మేం రాసినప్పుడు, లారీ దాటినా సరే, మీరు మళ్లండి.