జీ కుర్చీ గొడవకు అసలు మూలం 2019లో ఉంది

2024 నవంబర్ 28న జీ ఎంటర్‌టైన్‌మెంట్ వాటాదారులు, కంపెనీ వ్యవస్థాపకుడు సుభాష్ చంద్ర కొడుకు పునీత్ గోయెంకాను మళ్లీ డైరెక్టర్‌గా తీసుకునే తీర్మానాన్ని ఓడించారు. అనుకూలంగా 49.54 శాతం, వ్యతిరేకంగా 50.45 శాతం ఓట్లు పడ్డాయి. అప్పటికి పది రోజుల ముందే ఆయన ఎండీ పదవి వదులుకుని సీఈఓగా మాత్రం కొనసాగుతున్నారు కాబట్టి, బోర్డులో చోటు పోయినా కంపెనీని నడిపేది మాత్రం ఆయనే. చాలామందికి ఇది ఉన్నట్టుండి జరిగినట్టు అనిపించింది కానీ, వెనక ఐదేళ్ల కథ ఉంది.

1992 అక్టోబర్‌లో జీ టీవీని మొదలుపెట్టిన సుభాష్ చంద్ర, తర్వాత ఎస్సెల్ గ్రూప్ పేరుతో రోడ్లు, విద్యుత్ లాంటి మౌలిక వసతుల వ్యాపారాల్లోకీ దిగారు. ఆ అప్పుల కోసం తనఖా పెట్టింది జీ షేర్లనే. తనఖాలో ఉన్న షేరు ధర పడితే అప్పిచ్చినవాళ్లు అదనంగా హామీ అడుగుతారు, ఇవ్వలేకపోతే ఆ షేర్లను అమ్మేస్తారు, ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది. 2019 జనవరి 25న ఒక్కరోజే జీ షేరు నాలుగో వంతుకు పైగా పడిపోయింది. చంద్ర అప్పిచ్చినవాళ్లకు క్షమాపణ చెబుతూ బహిరంగ లేఖ రాశారు. అదే ఏడాది అమెరికా పెట్టుబడి సంస్థ ఇన్వెస్కోకు 11 శాతం వాటాను రూ.4,224 కోట్లకు అమ్మి, ఆ తర్వాత మరికొంత అమ్మి, నవంబర్‌లో చైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారు. చివరికి కుటుంబానికి మిగిలింది 4 శాతం, అటూఇటుగా. కానీ పగ్గాలు మాత్రం కొడుకు పునీత్ చేతిలోనే ఉన్నాయి. నా దృష్టిలో గొడవంతా ఇక్కడే పుట్టింది.

2021 సెప్టెంబర్‌లో, దాదాపు 18 శాతం వాటా ఉన్న ఇన్వెస్కో ఫండ్లు పునీత్‌ను తొలగించి ఆరుగురు కొత్త స్వతంత్ర డైరెక్టర్లను వేయాలని, అందుకు అత్యవసర సమావేశం పెట్టాలని నోటీసు ఇచ్చాయి. కంపెనీల చట్టం 100వ సెక్షన్ ప్రకారం 10 శాతం ఓటు హక్కు ఉన్నవాళ్లెవరైనా ఇలా అడగొచ్చు, బోర్డు 21 రోజుల్లో సమావేశానికి పిలుపునివ్వాలి. జీ పిలవలేదు. పైగా నోటీసు వచ్చిన పదకొండో రోజున సోనీతో విలీనం ప్రకటించింది, అందులో పునీతే ఐదేళ్లు సారథి, కుటుంబం వాటాను 20 శాతం దాకా పెంచుకునే వీలు కూడా ఉంది! మిగతా వాటాదారులకు లేని ఈ వెసులుబాటు వీళ్లకే ఎందుకని ఇన్వెస్కో నిలదీసింది, న్యాయమైన ప్రశ్నే.

విషయం బాంబే హైకోర్టుకెక్కింది. అక్టోబర్ 26న సింగిల్ జడ్జి సమావేశాన్ని ఆపితే, 2022 మార్చి 22న ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. వాటాదారుల హక్కుకు గట్టి బలమిచ్చిన తీర్పు అది. తీరా రెండు రోజులకే సోనీ ఒప్పందం మంచిదేనంటూ ఇన్వెస్కో నోటీసు వెనక్కి తీసుకుంది. దాంతో పునీత్ ఉండాలా వద్దా అన్న ప్రశ్న ఓటింగ్ దాకా రాకుండానే ఆగిపోయింది.

ఆగిపోయిందే కానీ తేలలేదు. నిధుల మళ్లింపు ఆరోపణలపై 2023 జూన్‌లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తండ్రీకొడుకులిద్దరినీ కంపెనీ పదవులకు దూరంగా ఉండమంది, అక్టోబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్ పునీత్‌కు ఊరటనిచ్చింది. ఈలోగా విలీన సంస్థను ఎవరు నడపాలన్న దగ్గరే పేచీ పడిందని వార్తలొచ్చాయి. 2024 జనవరి 22న సోనీ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది, ఆ వెంటనే ట్రేడింగ్‌లో షేరు దాదాపు 30 శాతం పడింది. కుర్చీ కోసం పట్టు పడితే నష్టపోయింది, చిన్న మొత్తాలు పెట్టుకున్న వేలాది మంది మదుపరులు. నవంబర్ ఓటు ఈ కోపం తర్వాత వచ్చిందే.

కుటుంబం ప్రయత్నం మానలేదు. 2025 జులైలో రూ.2,237 కోట్ల వారంట్లతో (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులతో) వాటాను 18.4 శాతానికి పెంచుకోవాలని చూశారు. దానికి 75 శాతం మద్దతు కావాలి, వచ్చింది 59.51 శాతమే.