16 ఎంఎం లెన్సు, ఎండల పాతిన కట్టె

నల్గొండల పెండ్లి ఫొటోలు తీసే ఒక తమ్ముడు మొన్న అడిగిండు. "అన్నా, ఫ్యూజీ కెమెరాలకు 16 ఎంఎం లెన్సులు రెండు రకాలున్నయ్ గదా, ఎఫ్ 1.4 ఒకటి, ఎఫ్ 2.8 ఒకటి. నా దగ్గరున్న 2.8తోని గ్రూప్ ఫొటో తీస్తే చివర నిలబడ్డోళ్లు లావుగ వస్తున్నరు, పెండ్లికొడుకు మేనత్తయితే ఆల్బం చూసి నేనిట్లున్ననా అని బాధపడ్డది, 1.4 కొంటే ఇది పోతదా?"

పోదు తమ్మీ. ఎంత ఖరీదు లెన్సు పెట్టినా పోదు. ఎందుకు పోదో తెల్వాలంటే కెమెరా పక్కన పెట్టి ఎండల ఒక కట్టె పాతాలె.

మన దగ్గర ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంల ఒకసారి, ఆగస్టు మొదటి వారంల ఒకసారి, పొద్దు సరిగ్గ నడినెత్తి మీదికొస్తది. ఆ రోజు మీటరు కట్టె నిలువుగ పాతితే మిట్టమధ్యాహ్నం దానికి నీడే ఉండదు. గంట గడిస్తే నీడ 26 సెంటీమీటర్లు, రెండు గంటలు గడిస్తే 55, మూడు గడిస్తే 93, నాలుగు గడిస్తే 155. పొద్దు మాత్రం ఒక్కతీరుగనే దిగుతున్నది, గంటకు 14 డిగ్రీల పైచిలుకు, అంతకంటే ఉరుకుతలేదు. కానీ నీడ మొదటి గంటల 26 పెరిగితే రెండో గంటల 29, మూడో గంటల 38, నాలుగో గంటల ఏకంగా 62 పెరిగింది! పత్తి చేన్ల పని చేసేటోళ్లు రోజూ చూసేదే ఇది, పొద్దు వాలినకొద్దీ నీడ ఉరుకుతది. పదో తరగతి త్రికోణమితిల మనతోని బట్టీ పట్టించిన టాన్ టేబుల్ ఇదే, బడి ముంగట ఒక కట్టె పాతి పిల్లలతోని గంట గంటకూ సున్నంతో గీత గీయిస్తే ఆ టేబుల్ జన్మల మర్చిపోరు.

లెన్సుల గూడ ఇదే లెక్క. కట్టె అంటే ఫోకల్ లెంగ్త్, లెన్సు నడిమి నుంచి సెన్సరు దాక దూరం అనుకో, మన 16 ఎంఎం. నీడ పడే నేల అంటే సెన్సరు, కెమెరా లోపల బొమ్మ పడే పలక. నడిమిట్ల నిలబడ్డ పెండ్లికొడుకు నడినెత్తి పొద్దు, చివర నిలబడ్డ మేనత్త పొద్దు వాలినప్పటి పొద్దు. ఈ లెన్సు మూల నుంచి మూలకు 83 డిగ్రీలు చూస్తది, అంటే నడిమి నుంచి ఒక మూలకు 41.6, మన కట్టెకు మూడు గంటలు గడిచినప్పటి కోణం దాదాపు 43, కొద్దిగ అటిటుగ అంతే. నీడ ఉరికే జాగల మొఖం పడితే మొఖం గూడ నీడ లెక్కనే సాగుతది. ఫ్రేము కుడి ఎడమ అంచుల మొఖం పొడుగుతో పోలిస్తే వెడల్పు 1.24 రెట్లు అయితది, మూలల 1.34 రెట్లు. రెండు లెన్సులకూ కట్టె ఒకటే, 16. నీడ వేరే ఎట్లొస్తది?

మరి సాగకుండ తీసే లెన్సు లేదా అంటే ఉన్నది, ఫిష్ ఐ అని చాన వెడల్పుగ చూసే లెన్సు, దాంట్ల అంచులకు మొఖాలు ఇంత సాగవు గానీ స్తంభాలు విల్లు లెక్క వంగుతయ్. నల్గొండ పక్కన పానగల్ ఛాయా సోమేశ్వరాలయంల స్తంభం వంగితే చూడబుద్ధి అయితదా? ఆ గుడి అన్నంక ఒక మాట చెప్పాలె. లింగం దగ్గర పడే నీడ పొద్దంత కదలదు, మహిమ అంటరు. నేరుగ ఎండ వల్ల పడ్డ నీడ అయితే కదలాల్సిందే, కదలట్లేదంటే వెలుతురు నేరుగ పొద్దు నుంచి రావట్లేదు, పక్క సందుల నుంచి చెదిరొచ్చి, స్తంభాల నీడలు ఒకదాని మీదొకటి పడి ఒక్క నీడ లెక్క నిలుస్తున్నది. ఇంత ఆలోచించి కట్టినోళ్లకు దండం పెట్టాలె, మహిమ అని ఊకుంటే వాళ్ల తెలివిని చిన్నబుచ్చినట్టే.

రెండు లెన్సులకు తేడా అంతా వెలుతురు లోపలికొచ్చే బొక్కల ఉన్నది. ఫోకల్ లెంగ్తును ఎఫ్ పక్క అంకెతోని భాగిస్తే ఆ బొక్క అడ్డం వస్తది. 16ను 1.4తో భాగిస్తే 11.4 ఎంఎం, 2.8తో భాగిస్తే 5.7. అడ్డం రెండింతలు, వెలుతురు నాలుగింతలు. గర్భగుడిల 2.8తో సెకండుల 15వ వంతు షటర్ పెట్టాల్సిన చోట 1.4తో 60వ వంతు పెట్టొచ్చు. లింగం కదలదు, దానికి ట్రైపాడ్ వేస్కొని 2.8తోని గూడ హాయిగ తీయొచ్చు. హారతి పట్టిన పూజారి చెయ్యి కదులుతది, 15వ వంతుకు ఆ చెయ్యి పొగ లెక్క వస్తది. ఆ బొక్క కోసం మోసే బరువు గూడ చూడు, 2015ల వచ్చిన 1.4 బరువు 375 గ్రాములు, 2019ల వచ్చిన 2.8 బరువు 155 గ్రాములే. 2.8ల గీతలు కొంత వంగుతయ్, కెమెరా సాఫ్ట్‌వేరే వాటిని సరిచేస్తది. 1.4ల ఆ పని చాలామట్టుకు గాజే చేస్తది, నాకు అదే ఇష్టం.

కానీ నువ్వు అడిగింది గ్రూప్ ఫొటో గురించి. మూడు వరసలల్ల నిలబడ్డ మంది అందరు షార్ప్‌గ రావాలంటే ఎట్లయినా ఎఫ్ 5.6 పెడ్తవ్, అప్పుడు రెండు లెన్సుల్లో బొక్క ఒకటే, 2.9 ఎంఎం. గ్రూపులకోసమే అయితే 1.4 కొనకు. మందిని ఫ్రేము అంచుల దాక నింపకు, నడిమి నుంచి అటు 25, ఇటు 25 డిగ్రీల లోపల ఉంచు, అక్కడ సాగుడు పదో వంతే, ఎవ్వరికీ కనవడదు. దానికి పది అడుగుల నుంచి తీసేది పదహారు అడుగులకు జరగాలె. ఫంక్షన్ హాల్ల స్టేజి ముంగట మొదటి రెండు వరసల కుర్చీలు తీపియ్యి, జాగ వస్తది.