పెడల్ టోన్ వార్మ్‌గా రావాలంటే: అపోహలు – వాస్తవాలు

గిటార్ పెడల్స్ బాగుచేసే నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ టీఎస్9 పెడల్సే, అంటే గిటార్ సౌండ్‌కి గరగర (డిస్టార్షన్) తెచ్చే పెట్టెలు. తెచ్చిన కుర్రాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, సౌండ్ పల్చగా ఉంది, చెవిలో గుచ్చుతోంది. కొంచెం వార్మ్‌గా చెయ్యవా?"

అపోహ: పాత 4558 చిప్ (లోపల సిగ్నల్‌ని పెంచే ఐసీ) వేస్తే చాలు, పెడల్ 808 (టీఎస్9కి ముందు వచ్చిన పాత మోడల్) అయిపోతుంది.

వాస్తవం: చిప్ మార్పుతో వచ్చే తేడా చాలా తక్కువ. పాత చిప్ కోసం వేలు పోయకండి. 808కీ టీఎస్9కీ సర్క్యూట్‌లో ఉన్న ముఖ్యమైన తేడా అవుట్‌పుట్ దగ్గరి రెండు రెసిస్టర్లు. అదీ చిన్నదే.

సౌండ్ పల్చబడేది వేరే చోట. క్లిప్పింగ్ దశలో (సిగ్నల్ కొసలు కత్తిరించి డిస్టార్షన్ తెచ్చే భాగంలో) 4.7 కిలోఓమ్ రెసిస్టర్‌తో సిరీస్‌లో 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి కిందికి వెళ్లే కొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గుతుంది. గిటార్ మందపు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర కదా, దానికి డిస్టార్షన్ దాదాపు అందదు. ఆ కెపాసిటర్ తీసి 0.1 వేస్తే గీత 340కి దిగుతుంది, సౌండ్ నిండుగా వస్తుంది. కొనేటప్పుడు దాని మీద 104 అని (0.1 మైక్రోఫారడ్‌కి గుర్తు) ఉందో లేదో చూసుకోండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకే దొరుకుతుంది. 0.22కి మాత్రం వెళ్లొద్దు. నెక్ పికప్ (గిటార్ మెడ వైపున తీగల మోత పట్టేది) మీద కొన్ని స్వరాలు కలిపి కార్డ్ కొడితే స్వరాలన్నీ ముద్దగా కలిసిపోతాయి.

అపోహ: క్లిప్పింగ్ చేసే డయోడ్లలో జర్మేనియం డయోడ్ అంటేనే వార్మ్.

వాస్తవం: సిలికాన్ 0.6 వోల్టుల దగ్గర క్లిప్ చేస్తే, జర్మేనియం 0.3 దగ్గరే చేస్తుంది. దాంతో వాల్యూమ్ పడిపోతుంది, సౌండ్ నొక్కేసినట్టు వస్తుంది. కొందరికి అదే నచ్చుతుంది, తప్పేం లేదు. కానీ మోడ్‌కి (పెడల్‌లో చేసిన మార్పుకి) ముందు, తర్వాత పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టండి. గట్టిగా వినిపించేదే మంచిదనిపించడం చెవి సహజం.

అపోహ: మామూలు 9 వోల్టులకు బదులు 18 వోల్టులు ఇస్తే టోన్ విచ్చుకుంటుంది.

వాస్తవం: ఈ సర్క్యూట్‌లో హద్దు పెట్టేది డయోడ్లు, సప్లై కాదు. పైగా లోపల 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటే అది పాడవుతుంది.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను: టంకం వేసే ఐరన్‌ని ఒకే చోట ఎక్కువసేపు ఆనించకండి. నా మొదటి పెడల్‌లో కెపాసిటర్ కాలు ఊడిరాలేదని అలాగే నొక్కి పట్టాను, బోర్డు మీది రాగి పొర లేచిపోయింది. కొత్త టంకం కొంచెం వేసి పాతదాన్ని కరిగించండి, కాలు దానంతటదే వదులవుతుంది.