భీమిలి బురదలో ఎలక్ట్రాన్ల లెక్క

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట, ఆటుకి నీరు తీసినప్పుడు తేలే బురదని పారతో నిలువుగా కోస్తే సాధారణంగా మూడు రంగులు కనిపిస్తాయి. పైన కొన్ని మిల్లీమీటర్ల మేర గోధుమ రంగు, దాని కింద బూడిద రంగు, ఆ కింద కాటుక నలుపు. నల్లముద్ద తీసి గాలికి పెడితే కాసేపటికి పైభాగం మళ్ళీ గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. ముక్కుకి కొట్టే కుళ్ళిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. రెండూ బాక్టీరియా ఊపిరి తీసుకోవడం వల్ల వచ్చినవే, కాకపోతే ఆ ఊపిరిలో ఆక్సిజన్ లేదు.

ఆక్సిజన్ ఇంధనం కాదు. ఇంధనం చక్కెరో, ఆకుల చెత్తో, చచ్చిన నాచో. బాక్టీరియా వాటి నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసి ఎన్‌ఏడీ అనే అణువు మీదికి ఎక్కిస్తుంది, అప్పుడది ఎన్‌ఏడీహెచ్ అవుతుంది. ఎక్కించినవాటిని ఎక్కడో దించాలి, లేకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. దించుకునేది ఆక్సిజన్ అయితే చివరికి నీరు తయారవుతుంది. ఈ దిగుడులో విడుదలయ్యే శక్తితో బాక్టీరియా ప్రోటాన్లను కణం పొర బయటికి తోస్తుంది. బయట పోగైన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా లోపలికి వస్తూ, డ్యాము నీళ్ళు టర్బైన్‌ని తిప్పినట్టు దాన్ని తిప్పుతాయి. అలా తయారయ్యే ఏటీపీయే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం. పేగుల్లో బతికే ఈ.కోలై అనే బాక్టీరియాలో ఒక పూర్తి చుట్టుకి పది ప్రోటాన్లు ఖర్చయి మూడు ఏటీపీలు వస్తాయి. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెప్తే చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో కనుక్కున్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

ఎలక్ట్రాన్ ఎంత కిందికి దిగితే అంత లాభం. పీహెచ్ 7 దగ్గర ప్రామాణిక లెక్కలో ఎన్‌ఏడీహెచ్ స్థాయి మైనస్ 0.32 వోల్టులు, ఆక్సిజన్‌ది ప్లస్ 0.82 (ఈ లెక్కలో ప్లస్ వైపుదే కింది మెట్టు). తేడా 1.14 వోల్టులు. నైట్రేట్ మీద దించితే తేడా 0.74. ఫ్యూమరేట్ అనే సేంద్రియ పదార్థం మీదైతే 0.35. సల్ఫేట్ దగ్గరికొచ్చేసరికి 0.1 వోల్టే. పైగా సల్ఫేట్ నేరుగా ఎలక్ట్రాన్లను తీసుకోదు. ముందు దాన్ని ఉత్తేజపరచడానికి రెండు ఏటీపీలతో సమానమైన శక్తి పెట్టుబడి పెట్టాలి. అందుకే సల్ఫేట్‌తో బతికే డీసల్ఫోవిబ్రియో అనే బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. అయినా సముద్ర బురదలో దానిదే రాజ్యం. కారణం సరుకు లభ్యత: లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ దాదాపు 2.7 గ్రాములుంటే, 28 డిగ్రీల వెచ్చటి నీటిలో కరిగే ఆక్సిజన్ 6 మిల్లీగ్రాములకి కాస్త ఎక్కువ. ఆ కాస్తా బురద పైపొరలోనే ఖర్చయిపోతుంది.

బాక్టీరియా ఎక్కువ లాభం ఇచ్చేదాన్నే ముందు వాడే ఈ వరస తప్పకపోవడం వెనక తెలివేమీ లేదు, ఒక ప్రోటీన్ ఉంది. ఈ.కోలైలో దాని పేరు ఎఫ్‌ఎన్‌ఆర్. దానిలో నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువుల గుత్తి ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే ఆ గుత్తి విరుగుతుంది, ప్రోటీన్ పని మానేస్తుంది. ఆక్సిజన్ పోయాక గుత్తి నిలబడి, నైట్రేట్‌నీ ఫ్యూమరేట్‌నీ వాడుకునే ఎంజైముల జన్యువుల్ని నడిపిస్తుంది. ఆక్సిజన్ పూర్తిగా పోకుండా అరకొరగా మిగిలినప్పుడు సైటోక్రోమ్ బీడీ అనే మరో ఎంజైము రంగంలోకి దిగుతుంది. మామూలు ఎంజైముతో పోలిస్తే ఇది కూడబెట్టే ప్రోటాన్లు సగమే, కానీ లీటరుకి కొన్ని నానోమోల్‌ల ఆక్సిజన్ ఉన్నా పట్టుకుంటుంది.

అంత కొంచెం ఆక్సిజన్ ఎవరికి కావాలి అనుకోవద్దు. విశాఖ తీరానికి ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలోనే ఆ పరిస్థితి ఉంది. గోదావరి, గంగ లాంటి నదుల మంచినీరు పైన తేలికపొరగా నిలిచి కింది నీటితో కలవనివ్వదు. దాంతో సుమారు 100 మీటర్ల లోతు దాటాక ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అయితే నానోమోల్ స్థాయిలో మిగులుతుంది. ఆ మిగులు వల్లే ఇక్కడ నైట్రేట్ పెద్ద ఎత్తున నైట్రోజన్ వాయువుగా మారి పోవడం లేదు. అరేబియా సముద్రంలో మాత్రం మారుతోంది.

గైడ్లలో ఒక తప్పు పాతుకుపోయింది: ఆక్సిజన్ లేకపోతే గ్లూకోజుకి రెండే ఏటీపీలు అని. అది కిణ్వనం (పులియడం) లెక్క, ఆక్సిజన్ లేని శ్వాస లెక్క కాదు. నైట్రేట్‌తో శ్వాసించే బాక్టీరియాకి అంతకన్నా చాలా ఎక్కువ వస్తాయి. కిణ్వనంలో బయటి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకునేవాళ్ళెవరూ ఉండరు. చక్కెర ముక్కల మీదే వాటిని దించేస్తారు. పెరుగులో లాక్టిక్ ఆమ్లం పుట్టేది అందుకే. ఇడ్లీపిండిని పొంగించే లూకోనోస్టాక్ అనే బాక్టీరియా పరిస్థితి ఇంకా అన్యాయం: ఒక గ్లూకోజుకి ఒక్కటే ఏటీపీ. ఒక లాక్టిక్ ఆమ్లం, ఒక ఆల్కహాల్, పిండిని ఉబ్బించే ఒక కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. ఇక ఆక్సిజన్‌తో 38 అని అచ్చేసే అంకె కాగితం మీదిదే. ఈ.కోలైకి అసలు లెక్క 30 లోపే.

ఈ తేడా ఒంటి బరువులో కనిపిస్తుంది. 180 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే గాలి దండిగా దొరికే ఈ.కోలై దాదాపు 90 గ్రాముల ఎండు కణాలుగా పెరుగుతుంది. రెండు ఏటీపీల లాక్టిక్ బాక్టీరియా పెరిగేది ఇరవై గ్రాములే, మిగతాదంతా పులుపు. మురుగునీటి శుద్ధిలో గాలి ఊదే ట్యాంకులు బోలెడు స్లడ్జి మిగల్చడానికీ, మూసిన డైజెస్టర్లు తక్కువ మిగల్చడానికీ ఇదే కారణం.

బురద నల్లబడడాన్ని ఇంట్లో చూడాలంటే పారదర్శకమైన లీటరు సీసా చాలు. ఉప్పుటేరు బురద అరకిలో తెచ్చి రాళ్ళు, వేర్లు ఏరేయాలి. మూడో వంతు బురదలో గుప్పెడు చింపిన న్యూస్‌పేపరు, చెంచా సుద్దపొడి కలిపి అడుగున నింపాలి. మిగతా బురద దాని మీద వేసి, పుల్లతో కెలికి బుడగలు పోగొట్టాలి. అక్కడి నీరే నాలుగు సెంటీమీటర్లు పోసి, పైన కొంత ఖాళీ వదిలి, పల్చటి ప్లాస్టిక్ కాగితం రబ్బరుబ్యాండుతో బిగించాలి. మూత బిగిస్తే లోపల పుట్టే వాయువులకి దారి ఉండదు. వెలుతురున్న కిటికీ చాలు, విశాఖ మే నెల ఎండలో నేరుగా పెడితే ఉడికిపోతుంది. ఒకటి రెండు వారాల్లో అడుగు నల్లబడుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గోడ వెంట ఆకుపచ్చ, ఊదా మచ్చలు రావచ్చు. అవి సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని వెలుతురుతో బతికే బాక్టీరియా.

నల్లబడకపోతే చాలాసార్లు తప్పు బురదది. రామకృష్ణా బీచ్ ఇసుక తెస్తే ఏమీ జరగదు: అందులో కుళ్ళే పదార్థం తక్కువ, అలలు గాలిని ఎప్పటికప్పుడు లోపలికి తోస్తుంటాయి. చెరువు మంచినీటి బురదైతే సల్ఫేట్ చాలదు, అరచెంచా జిప్సం కలపాలి. కొందరు గంధకం కోసం గుడ్డు సొన వేస్తారు. ఎక్కువైతే సీసా మొత్తం నల్లబడి రంగుల మచ్చలు రావు, ఎందుకంటే సల్ఫైడ్ మోతాదు మించితే దాన్ని తినేవాటికే విషం. సీసాని ఆరుబయటే తెరవాలి, మొహం దగ్గర పెట్టుకోకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల భాగాలకి వంద భాగాలు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్ళు ‘వాసన పోయింది’ అనుకుని మోసపోయేది అక్కడే.